ఏ ఇబ్బందీ లేదన్న నలభై ఇద్దరు

రక్తం తీసేది ఎనిమిదింటికి అన్నారు. రత్నమాణిక్యం గారు ఏడున్నరకే వచ్చి కూర్చునేవారు, పరగడుపున. ద్రాక్షారామం దగ్గరి పల్లె నుంచి మొదటి బస్సు పట్టుకుంటే ధవళేశ్వరం వచ్చేసరికి తెల్లవారేది. రాజమండ్రిలో దిగి, ఆ పరిశోధనా కేంద్రం వరండాలో సిమెంటు బల్ల మీద కూర్చున్న ఆవిడ పేరు పిలిచేసరికి పదకొండున్నర అయ్యేది.

ఎందుకంటే అదే గదిలో, అదే కుర్చీలో, డబ్బు కట్టి ఒళ్ళంతా పరీక్ష చేయించుకునేవాళ్ళకీ రక్తం తీస్తారు. వాళ్ళు తొమ్మిదింటికి వచ్చినా ముందే, పదింటికి కారు దిగినా ముందే. కొత్త మందు పనికొస్తుందో లేదో లోకానికి తేలాలని తన ఒళ్ళే అప్పగించినావిడ మాత్రం ఆఖరున. పదిహేనేళ్ళ షుగరు మనిషిని పదిహేను గంటల పైన పస్తు పెట్టడం ఏ వైద్యమో ఆ గోడల మీది బోర్డులు చెప్పవు. నెలకోసారి చొప్పున ఆరు నెలలు ఇదే తంతు. రక్తం తీసే ఐజాక్ ప్రతిసారీ నొచ్చుకునేవాడు.

"ఆలస్యమైపోయిందమ్మా, ఏమనుకోకండి."

"అయ్యో, ఫర్వాలేదండి. మీకెంత పనో."

ఇంటికెళ్ళాక భర్త చంద్రరావు గారు అడిగితే, "ఇట్టే పిలిచారండి, ఏసీ గది" అని చెప్పేవారు.

ఆ 'ఫర్వాలేదండి' ఒక పరిశోధన మొత్తాన్ని ఎలా తలకిందులు చేసిందో చెప్పాలంటే, ముందు ఆవిడ ఇంటి గుమ్మం గురించి చెప్పాలి.

ఆ గుమ్మం ఎక్కినవాడు ఆకలితో దిగిన దాఖలా లేదు. కరెంటు మీటరు రీడింగు తీసే కుర్రాడు ఆ వీధిని కావాలనే మధ్యాహ్నానికి పెట్టుకుంటాడు. ఓటర్ల జాబితా సరిచూడటానికి వచ్చిన టీచరమ్మ, ఇద్దరే ఓటర్లున్న ఆ ఇంట్లో గంటన్నర సరిచూసింది. చంద్రరావు గారికి మూడెకరాల వరి, రెండు గేదెలు. వచ్చినవాళ్ళకి తను వడ్డించకపోతే ఆ మూడెకరాలూ ఎండిపోతాయన్నంత కంగారు రత్నమాణిక్యం గారికి.

ఆవిడకి అరవై ఒకటి. నాలుగేళ్ళ కిందట షుగరు అరికాళ్ళకు దిగింది. నిప్పుల మీద నిలబడ్డట్టు మంట, మధ్యమధ్య చీమలు పాకినట్టు తిమ్మిరి. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేని బాధ. సాయంత్రమైతే పెరట్లో స్టూలేసుకుని, నీళ్ళ బేసిన్‌లో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవారు. పక్కింటి సూరమ్మ గోడ మీంచి తొంగిచూసి, "ఏంటి వదినా, మినప్పప్పు నానబెట్టినట్టు కాళ్ళు నానబెట్టావు, పొద్దున్నే రుబ్బుతావా?" అనేది. సూరమ్మవీ అవే కాళ్ళు. తనూ ఇంటికెళ్ళి అదే పని చేసేది.

అలాంటి రోజుల్లో ఆరోగ్య కేంద్రం దగ్గర క్యాంపు పెట్టి, రాజమండ్రి నుంచి గణేష్‌బాబు వచ్చాడు. షుగరు వల్ల వచ్చే కాళ్ళ మంటలకు కొత్త మందు మీద పరిశోధన జరుగుతోందనీ, సగం మందికి అసలు మందు ఉన్న క్యాప్సూళ్ళు, సగం మందికి అచ్చం అలాగే కనపడే ఉత్తవి ఇస్తామనీ, ఎవరికి ఏది అన్నది తనకూ తెలియదనీ చెప్పాడు. అంతవరకు నిజాయితీగానే చెప్పాడు. తర్వాత పదహారు పేజీల ఒప్పంద పత్రం తీసి, టిక్కు పెట్టినచోటల్లా సంతకం చేయమన్నాడు. అక్షరాలు తెలుగువే గానీ ఆ తెలుగు ఏ తెలుగువాడూ నోటితో పలికేది కాదు.

"పొలం దస్తావేజుకి కూడా ఇన్ని పేజీలు లేవు కదండీ," అన్నారు చంద్రరావు గారు. "చదివి రేపిస్తే?"

"ఫార్మాలిటీయేనండి. కాపీ తర్వాత ఇస్తాం."

ఆ 'తర్వాత' ఆరు నెలలైనా రాలేదు. చుట్టుపక్కల నుంచి నలభై ఇద్దరు అలాగే సంతకాలు చేశారు.

మందు మాత్రం పనిచేసింది. మూడో వారానికి మంట సగానికి దిగింది. బేసిన్ మళ్ళీ బట్టలు నానబెట్టడానికి వెళ్ళిపోయింది. రత్నమాణిక్యం గారు నాలుగేళ్ళ తర్వాత చెప్పులేసుకుని వీధి చివరిదాకా నడిచొచ్చి, అక్కడ పనేమీ లేక మళ్ళీ నడిచి వెళ్ళారు.

ఒక్కటే చిక్కు. క్యాప్సూల్ మింగిన గంటకి ఇల్లు మెల్లగా పడవలా ఊగేది. పెరట్లో గేదె ఒకటే నిలబడి ఉండేది, తోకలు రెండు కనపడేవి. ఆవిడ మర్యాద తెలిసిన మనిషి కనుక రెండో తోకకు కూడా దారిచ్చి తప్పుకునేవారు. ఒకరోజు గోడ పట్టుకుని ఇంటి చుట్టూ అడుగులేస్తుంటే చంద్రరావు గారు చూశారు.

"ఏంటి, ప్రదక్షిణలు మొదలెట్టావా?"

"అవునండి. భీమేశ్వరస్వామికి మొక్కుకున్నాను. నలభై రోజులు."

అన్నందుకు నలభై రోజులూ తిరగాల్సివచ్చింది. ముప్ఫై రోజులయ్యాక చంద్రరావు గారు కూడా భక్తిగా వెనక నడవడం మొదలెట్టారు.

ఆ క్యాప్సూళ్ళే మింగుతున్న సూరమ్మ పరిస్థితి ఇంకా ముదిరింది. కాలవ రేవులో బిందెతో సహా మూడు మెట్లు ఒకే అంగలో దిగి, నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టించుకుంది. చూసినవాళ్ళతో తొందర పని మీద దిగానని చెప్పింది.

మరి గణేష్‌బాబు అడగలేదా అంటే, అడిగాడు. ప్రతి నెలా ఊరొచ్చి, ఇరవై మూడు ప్రశ్నల కాగితం పట్టుకుని రత్నమాణిక్యం గారి వరండాలోనే కూర్చుని అడిగాడు. ఎదురుగా కుర్చీలో పెసరట్టు, పక్కన గ్లాసులో మజ్జిగ.

"తల తిరగడం ఏమన్నా ఉందాండి?"

"లేదు బాబూ. ముందు ఆ అట్టు తిను, చల్లారిపోతుంది."

"వికారం?"

"లేదు. అల్లప్పచ్చడి ముట్టుకోలేదేం?"

"మత్తు, నిద్ర ముంచుకురావడం?"

"గేదెలున్న ఇంట్లో మత్తెక్కడిది బాబూ."

"అడుగు తడబడటం, పడిపోవడం?"

దానికి పక్కనే కూర్చున్న సూరమ్మ జవాబు చెప్పింది. "నిక్షేపంలా నడుస్తుంటే ఎందుకు పడతామండి."

గణేష్‌బాబు ఆవిడ నుదురు చూశాడు. "మరి అదేంటండి?"

"ఇదాండి? మా గుమ్మం పొట్టిదండి. ఆయ్. కట్టినోడు పొట్టోడు."

ఇరవై మూడు గడుల్లో ఇరవై మూడు 'లేదు'లు. నలభై ఇద్దరి కాగితాలూ ఇంతే. అబద్ధాలాడాలని కాదు. పని కట్టుకుని ఇంటికొచ్చి మందిచ్చిన మనిషి ఎదుట మందు బాగోలేదనడం, వడ్డిస్తున్నవాళ్ళ ఎదుట ఉప్పెక్కువైందనడం ఒకటేనని వాళ్ళ లెక్క. దాని కింద ఇంకో భయం కూడా ఉంది. తల తిరుగుతోందంటే పరిశోధనలోంచి తీసేస్తారేమో. తీసేస్తే మంట మళ్ళీ మొదటికొస్తుంది, బేసిన్ మళ్ళీ పెరట్లోకొస్తుంది. తీసేయరనీ, చెప్పడం వాళ్ళ హక్కనీ ఆ పదహారు పేజీల్లో ఎక్కడో ఉంది. కాపీయే చేతికి రాలేదు.

ఆ కాగితాలన్నీ రాజమండ్రిలో డాక్టర్ సుప్రియ బల్ల మీదకు చేరాయి. పరిశోధన నడిపే డాక్టరు ఆవిడే. హైదరాబాదులో చదివి వచ్చి రెండేళ్ళయింది. మిగతా ఊళ్ళలో ఈ క్యాప్సూళ్ళు మింగుతున్నవాళ్ళలో ముగ్గురిలో ఒకరికి తల తిరుగుతోంది. ఇక్కడ నలభై ఇద్దరిలో ఒక్కరికీ లేదు. ఆవిడ కాగితాలు రెండుసార్లు తిరగేశారు, లెక్క తప్పలేదు. అయితే ఇక్కడివాళ్ళ తిండిలోనో నీళ్ళలోనో ఏదో విశేషం ఉండాలి కదా. ఉంటే అది ప్రపంచానికి చెప్పాల్సిన సంగతి కదా. యువ డాక్టరు గారికి ఆ రోజు భోజనం సయించలేదు.

ఐజాక్‌ని శీతలపెట్టెతో సహా పల్లెకి తోలారు. కాలవ నీళ్ళు ఒక సీసా, బోరు నీళ్ళు ఒక సీసా, బియ్యం, గోంగూర, పెరుగు, ఇంటింటి ఆవకాయ. పెట్టె నింపుకుని అతను అక్కణ్ణుంచే ఫోను చేశాడు.

"మేడమ్, ఆవకాయకి పేషెంటు నంబరు వెయ్యాలా, వేరే నంబరా?"

ఊరు ఊరంతా ఉబ్బిపోయింది. పాత రైసు మిల్లు డ్రైవరు త్రిమూర్తులు, ఆయన కూడా పరిశోధనలో ఉన్న మనిషే, టీకొట్టు దగ్గర తేల్చిపారేశాడు. "గోదారి నీళ్ళండి బాబూ. ఈ నీళ్ళు తాగినోడికి తల తిరగదు, ఎదుటోడికి తిప్పుతాడు." పనసపొట్టు వల్లేనని కొందరు, ఆవపెట్టిన కూరల వల్లని కొందరు. మా వీధి నీళ్ళు కూడా తీసుకెళ్ళమని రెండు వీధులవాళ్ళు బిందెలతో ఐజాక్ వెంటపడ్డారు.

ఈ సంబరంలో గణేష్‌బాబు ఇంకో కబురు మోసుకొచ్చాడు. "ఇక్కడ ఎవరికీ ఇబ్బంది లేదు కదండీ. అందుకని వచ్చే నెల నుంచి మీ నలభై ఇద్దరికీ మోతాదు రెట్టింపు చేస్తున్నారు. గురువారం డాక్టరు గారే వస్తారు, రత్నమాణిక్యం గారింట్లోనే కొత్త కాగితాల మీద సంతకాలు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఇద్దరు కొట్టలేదు.

గురువారం పొద్దున్న ఆ ఇద్దరూ వంటింట్లో కత్తిపీటల ముందు కూర్చున్నారు.

"వదినా, ఒక క్యాప్సూల్‌కి మూడు మెట్లు దిగాను," అంది సూరమ్మ పనసకాయ చెక్కుతూ. "రెండేస్తే ఎన్ని దిగుతాను?"

"రేవులో ఉన్నవే ఏడు."

"చెప్పేద్దామా?"

"ఇంటికొచ్చిన ఆడపిల్లతోనా? అంత దూరం నుంచి వస్తోంది."

"పోనీ సంతకం పెట్టకుండా ఉందామా?"

"పెన్ను చేతికిస్తే పెట్టనని ఎలా అంటావే?" రత్నమాణిక్యం గారు పనసపొట్టు చేటలోకి దులిపి, కాళ్ళు చాపి అరికాళ్ళు చూసుకున్నారు. "చెబితే ఇవి మండుతాయి. చెప్పకపోతే తల పగులుతుంది. ఏది నయమో ఆ భీమేశ్వరుడే చెప్పాలి."

"మొక్కుకోకు వదినా. మళ్ళీ నలభై రోజులు తిరగాలి."

పదకొండింటికి గణేష్‌బాబునీ ఐజాక్‌నీ వెంటబెట్టుకుని డాక్టర్ సుప్రియ వచ్చారు. నలభై ఇద్దరూ అప్పటికే పెరట్లో చాపల మీద సర్దుకున్నారు. సంతకాలు ముందా, భోజనాలు ముందా అన్న ప్రశ్నే ఆ ఇంట్లో పుట్టదు. విస్తళ్ళు పరిచారు. పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు, కందిపొడి, ముద్దపప్పు, గేదె పెరుగు.

డాక్టరు గారికి పనస పడదు. చిన్నప్పటి నుంచీ పడదు. కానీ ఆ గరిటె అంత ఆప్యాయంగా దిగుతుంటే ఏమంటారు?

"ఎలా ఉందమ్మా కూర?"

"చాలా బాగుందండి."

ఇంకో గరిటె పడింది.

"మొహమాటపడకు తల్లీ."

"లేదండి, నిజంగా బాగుంది."

మూడో గరిటె. డాక్టరు గారి నుదుటి మీద చిన్న చెమట మొదలైంది. మొహం పెరుగు రంగులోకి తిరిగింది. పెదాల మీద చిరునవ్వు మాత్రం చెక్కుచెదరలేదు. నాలుగో గరిటె ఎత్తిన రత్నమాణిక్యం గారి చెయ్యి గాల్లో ఆగింది. ఆ చిరునవ్వు ఆవిడకి తెలుసు. క్యాప్సూల్ మింగిన గంటకి, బొట్టు పెట్టుకోవడానికి అద్దం ముందు నిలబడితే కనపడే చిరునవ్వు అది.

"అమ్మా, ఒక మాట. కడుపులో తిప్పుతోందా?"

"అబ్బే, లేదండి."

"నా మీద ఒట్టేసి చెప్పు."

డాక్టరు గారు చుట్టూ చూశారు. పెరట్లోవాళ్ళంతా తినడం ఆపి ఆవిడకేసే చూస్తున్నారు.

"తిప్పుతోందండి. పనస నాకు పడదు."

"మరి మూడుసార్లు వేయించుకున్నావేం తల్లీ?"

"మీరంత ప్రేమగా పెడుతుంటే బాగోలేదని ఎలా అంటానండి."

రత్నమాణిక్యం గారు గరిటె గిన్నెలో పెట్టేశారు. చీర కొంగుతో చెయ్యి తుడుచుకున్నారు.

"నాకు గేదెకి రెండు తోకలు కనపడుతున్నాయమ్మా."

డాక్టరు గారికి ముందు అర్థం కాలేదు. తర్వాత మెల్లగా అర్థమైంది. "ఎప్పటినుంచండి?"

"మూడో వారం నుంచి. క్యాప్సూల్ మింగిన గంటకి. తోకల సంగతలా ఉంచు, ఇల్లే నిలబడదు."

"అయితే ఆ ప్రదక్షిణలు?" అన్నారు చంద్రరావు గారు, చేతిలో ముద్ద అలాగే పట్టుకుని.

"మొక్కు కాదండి. తూలుడు."

"మరి నేనెందుకు తిరిగానే పది రోజులు?"

సూరమ్మ లేచి నిలబడి నుదురు చూపించింది. "మా గుమ్మం పొట్టిది కాదండి డాక్టరు గారూ. రేవులో పడ్డాను."

ఇక ఆపేవాళ్ళు లేరు. ఒకాయన సైకిలెక్కబోయి పక్కవాళ్ళ సైకిలెక్కాడట. ఒకావిడ దోసె పెనం మీద వెయ్యబోయి పొయ్యి పక్కన వేసింది, అదీ రెండుసార్లు. "నాకు మా ఆవిడ ఇద్దరిగా కనపడిందండి, భయమేసి దుప్పటి ముసుగేసుకున్నాను," అని ఒక పెద్దాయన చెబితే, పెరడంతా నవ్వుతో ఊగిపోయింది. ఆ ఊగడం మందు వల్లో నవ్వు వల్లో చెప్పడం కష్టమయింది. గణేష్‌బాబు పెన్నులో ఇంకు అయిపోయింది. ఐజాక్ తన పెన్ను ఇచ్చాడు. పంతొమ్మిది మంది తేలారు.

అందరూ నవ్వుతుంటే త్రిమూర్తులు ఒక్కడే దిగాలుగా కూర్చున్నాడు.

"నాకు ఒక్కరోజూ తల తిరగలేదండి," అన్నాడు చివరికి. "అంటే నాకిచ్చింది ఉత్తదేనా?"

"అది నాకూ తెలియదండి. పరిశోధన అయ్యేదాకా ఎవరికీ తెలియకూడదు," అన్నారు డాక్టరు గారు.

"గోదారి నీళ్ళనుకున్నాను కదండీ ఇన్నాళ్ళూ."

డాక్టర్ సుప్రియ మంచినీళ్ళు తాగి, కాసేపు నవ్వి, నవ్వు ఆగాక కొత్త కాగితాల కట్ట తిరిగి సంచిలో పెట్టించారు. "ఈ రోజు ఎవరూ సంతకం పెట్టొద్దండి. మోతాదు పెంచడం లేదు."

అప్పుడు రత్నమాణిక్యం గారు అసలు ప్రశ్న అడిగారు. గొంతు తగ్గించే అడిగారు గానీ పెరడంతా విన్నది. "మరి నన్ను తీసేస్తారామ్మా? నా కాళ్ళు మళ్ళీ మండుతాయా?"

"నిజం చెప్పినందుకు ఎవరినీ తీసెయ్యకూడదండి. తల తిరగని మోతాదేదో చూసి, తగ్గించడానికి వీలుందేమో అడుగుతాను. మీరు ఈ రోజు చెప్పకపోతే నేను ఇబ్బందేమీ లేదని రాసేదాన్ని. ఆ రాత నమ్మి ఎక్కడో మీలాంటి ఆవిడ ఈ మందు మింగి, రేవు మెట్లు దిగేది. తప్పు మీది కాదు. చెప్పడానికి మీకు చోటు లేకుండా అడిగాం. ఇంకేమైనా ఉందాండి?"

"ఏం లేదమ్మా," అనబోయారు రత్నమాణిక్యం గారు. నోటిదాకా వచ్చిన ఆ మాటని, జీవితంలో మొదటిసారి, వెనక్కి మింగారు.

"ఒకటుంది. ఎనిమిదింటికి రమ్మంటారు, పదకొండున్నరకి రక్తం తీస్తారు. అప్పటిదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ఉండదు. కార్లలో వచ్చినవాళ్ళు ముందు వెళ్ళిపోతారు."

చంద్రరావు గారు భార్య వైపు తిరిగారు. "ఇట్టే పిలుస్తారన్నావు. ఏసీ గదన్నావు."

"ఏసీ గదేనండి. వాళ్ళకి."

ఐజాక్ తల వంచుకున్నాడు. డాక్టరు గారు ఆ విషయం తనకు తెలియదన్నారు. తెలియకపోవడం కూడా ఒక తప్పేనని ఆవిడే అన్నారు, అది ఆవిడ గొప్పతనం. పై గదిలో కూర్చున్నవాళ్ళకి కింది బల్ల కనపడకపోవడం ఈ దేశంలో కొత్త కాదు. కనపడేలా చెయ్యడానికి ఒక పనసకాయ కావలసివచ్చింది.

మోతాదు పెంపు ఆగిపోయింది. తలతిరుగుడున్నవాళ్ళకి పై నుంచి అనుమతి తెచ్చి తగ్గించారు. రత్నమాణిక్యం గారి కాళ్ళ మంట పావు వంతు వెనక్కొచ్చింది గానీ గేదెకి ఒకే తోక మిగిలింది. ఆ బేరం తనకి సమ్మతమేనంటున్నారు. పదహారు పేజీల పత్రాన్ని డాక్టరు గారు రెండు మధ్యాహ్నాలు ఆ పెరట్లోనే మామూలు మాటల్లో చదివి చెప్పారు. నలభై రెండు కాపీలు నలభై రెండు ఇళ్ళకి చేరాయి. మందు ఎంత మేలో పరిశోధన ముగిశాక గానీ తేలదు. ఇప్పుడు పరిశోధనవాళ్ళ రక్తం ఎనిమిదింటికే తీస్తారు. ఎనిమిదీ ఇరవైకల్లా రత్నమాణిక్యం గారు రాజమండ్రి బస్టాండులో ఇడ్లీ తింటూ ఉంటారు, పక్కన కూర్చున్నవాళ్ళకి చట్నీ వేయించమని సర్వరుకి చెబుతూ.

వరండాలో కొత్త నియమం ఒకటి వచ్చింది. అది పెట్టింది ఆవిడే. గణేష్‌బాబు రాగానే అట్టు రాదు. ఇరవై మూడు ప్రశ్నలకూ ఉన్నదున్నట్టు జవాబులు రాయించాకే పెనం పొయ్యెక్కుతుంది. పాపం, ఆ కుర్రాడు ఇప్పుడు ప్రశ్నలు చాలా వేగంగా అడుగుతున్నాడు. ఆవిడే మెల్లగా అడగమంటున్నారు.

ఇక మీతో పని. మీ ఇంట్లోనో వీధిలోనో షుగరు, బీపీ, కిడ్నీ జబ్బుల మందుల పరిశోధనలో చేరినవాళ్ళు ఉండే ఉంటారు. ఈ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళండి. సంతకం చేసిన పత్రం కాపీ ఉందా అని అడగండి. లేకపోతే వాళ్ళతో కలిసి వెళ్ళి అడిగి తెచ్చుకోండి, అది వాళ్ళ హక్కు. ఉంటే పక్కన కూర్చుని మొదటి పేజీ నుంచి చదివి వినిపించండి. అర్థం కాని మాట దగ్గర ఆగి, అర్థమయ్యేలా చెప్పమని ఆ కేంద్రానికి ఫోను చేయండి. పరిశోధనల మంచిచెడ్డలు చూసే నైతిక సంఘం ఫోను నంబరు ఆ పత్రంలోనే ఉంటుంది. దాన్ని పెద్ద అంకెల్లో రాసి గోడకి అంటించండి. పరిశోధన వల్ల ఒంటికి ఏమైనా అయితే వైద్యం వాళ్ళే చేయించాలని కూడా చెప్పండి. పరగడుపున ఎన్ని గంటలు కూర్చోబెడుతున్నారో అడగండి, ఎక్కువైతే మీరే రాసి ఇవ్వండి.

ఆఖరున, తల తిరుగుతోందా అని అడగండి. లేదంటారు. మళ్ళీ అడగండి. ఈలోగా అట్టు పెడతారు. జవాబు వచ్చేదాకా తినకండి.